పాటకూ ఒక వెలివాడేనా?

దళిత, బహుజన గాయకుడు కొత్త ఆల్బమ్ తెచ్చినప్పుడు మన విమర్శ నోట తరచుగా రెండే మాటలు వినిపిస్తాయి. పాట పాత వరుసలో సాగితే ‘మట్టి వాసన గుబాళించింది’ అంటారు. వరుస మారితే ‘మట్టి వాసన పోయింది’ అంటారు. మెప్పుకూ తెగడ్తకూ కొలబద్ద ఒక్కటే. ఈ కొలబద్దను శాస్త్రీయ సంగీత విద్వాంసుడి మీద ఎవరూ ప్రయోగించరు. ఆయన రూపం మారిస్తే అది ప్రయోగం. విదేశీ వాద్యంతో జతకడితే అది సమ్మేళనం. వయొలిన్ పడమటి నుంచి వచ్చి కర్ణాటక కచేరీలో ఆసనం వేసుకుని దాదాపు రెండు శతాబ్దాలైంది. దానివల్ల సంప్రదాయం మైలపడిందని నేడు ఎవరూ వాపోరు. డప్పు పక్కన కంప్యూటర్ దరువు చేరగానే మాత్రం సంప్రదాయం మీద అందరికీ బెంగ పుడుతుంది.

ఈ బెంగ నిర్దోషమైనదేమీ కాదు. పాట పుట్టిన చోటే పడి ఉండాలనే కోరికకూ, మనిషి పుట్టిన చోటే పడి ఉండాలనే శాసనానికీ చుట్టరికం ఉంది. ఊరికి వెలివాడ ఉన్నట్టే సంగీతానికీ ఒక వెలివాడ ఉంది. దానికి మనం పెట్టుకున్న మర్యాదైన పేరు ‘జానపదం’. ఈ మాట అతిశయోక్తి అనిపిస్తే, తమిళ గాయక కవి అరివు గత కొన్నేళ్ల ప్రయాణాన్నీ, దానికి లోకం చూపిన ఆదరణనూ, ఆ ఆదరణలోని మెలికలనూ ఒకసారి పరిశీలించాలి. 2024లో వచ్చిన ఆయన ఆల్బమ్ ‘వల్లియమ్మ పేరాండి’ ఆ ప్రయాణంలో ఒక ముఖ్యమైన మజిలీ.

అయోతీదాసు మాట నుంచి అవ్వ పేరు దాకా

అరివు పుట్టి పెరిగింది ఉత్తర తమిళనాడులోని అరక్కోణంలో. ఇంజినీరింగ్ చదివిన ఈ యువకుడు లోకానికి మొదట పరిచయమైంది ‘కాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందం ద్వారా. దర్శకుడు పా. రంజిత్ నెలకొల్పిన నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీత దర్శకుడు తెన్మా కలిసి నిర్మించిన ఈ బృందం 2018 జనవరి 6న చెన్నైలోని కీల్పాక్కంలో తొలి కచేరీ చేసింది. బృందానికి పేరు దొరికింది పంతొమ్మిదో శతాబ్దపు దళిత బౌద్ధ మేధావి అయోతీదాస్ పండితుల మాటల్లో. ‘కులభేదం లేని తమిళులు’ అని ఆయన తన ప్రజలకు పెట్టిన పేరు నూరేళ్లు దాటాక ఒక సంగీత వేదికకు ఎక్కింది.

ఆ వేదిక మీద ఉత్తర చెన్నై బస్తీల గానా పాట ఉంది. రేవు కూలీలు, రిక్షా కార్మికులు, పారిశుధ్య కార్మికుల వాడల్లో చావింటి ముందు రాత్రంతా పాడే పాట అది. చాలాకాలం దాన్ని తాగుబోతుల పాటగా చూసిన నగరమే అది. పరై మోగింది, దాని పక్కనే గిటారు, డ్రమ్స్ మోగాయి, మధ్యలో రాప్ వచ్చింది. వస్తువు రిజర్వేషన్లు, పరువు హత్యలు, గొడ్డుమాంసం, మురుగు కాలువల్లో చావులు. ఈ కలయిక ఎవరో కూర్చోబెట్టి అతికించింది కాదు. 1970ల్లో న్యూయార్క్ నగరపు బ్రాంక్స్ వాడల్లో నల్లజాతి, లాటినో యువకులు పుట్టించిన హిప్‌హాప్‌కూ, చెన్నై గానాకూ పుట్టుక ఒకే రకం చోట. రెండూ నగరం తన పనికి పిలిచి, తన వీధిలోకి రానివ్వని మనుషుల పాటలే.

2019లో నిర్మాత ఆఫ్రోతో కలిసి అరివు ‘తెరుక్కురల్’ తెచ్చాడు. తిరుక్కురళ్‌ను తలపించే ఆ పేరుకు ‘వీధి గొంతు’ అని అర్థం. ఇక్కడ బృందగానం తగ్గి ఒంటరి గొంతు ముందుకొచ్చింది. పరై దరువు వెనక్కి తగ్గి కంప్యూటర్ మీద కూర్చిన దరువు పైకి లేచింది. దేశభక్తికి ధ్రువపత్రాలు పంచుతున్న కాలంలో ‘యాంటీ ఇండియన్’ అనే పేరుతోనే ఒక పాట రాశాడు. నినాదానికీ కవిత్వానికీ మధ్య ఎక్కడ నిలబడాలో వెతుక్కుంటున్న యువకుడు అందులో వినిపిస్తాడు.

2021 మార్చిలో ‘ఎంజాయ్ ఎంజామి’ వచ్చింది. గాయని ధీతో కలిసి అరివు పాడిన ఈ పాటకు సంతోష్ నారాయణన్ సంగీత నిర్మాత. భాష తెలియని కోట్లాది మంది ఆ పాటకు చిందేశారు. చిందేసినవారిలో ఎందరికి తెలుసో గానీ, దాని గుండెలో ఉన్నది ఒప్పారి. మన శవాల దగ్గర ఆడవాళ్లు వరుస కట్టి తీసే శోకాల వంటిది అది. పాట వెనుక ఉన్నది అరివు అవ్వ వల్లియమ్మాళ్ కథ. భూమి లేని దళిత కుటుంబాలను తేయాకు తోటల పనికి సింహళానికి తరలించారు. అక్కడ అడవి కొట్టి తోటలు వేసినవారిని, 1948లో ఆ దేశం స్వాతంత్ర్యం పొందిన ఏడాదే, కొత్త చట్టం పౌరసత్వం లేనివారిగా మార్చింది. 1964లో సిరిమావో-శాస్త్రి ఒప్పందం 5,25,000 మందిని భారతదేశానికి పంపాలని లెక్క కట్టింది. మనుషులను రెండు ప్రభుత్వాలు సామాను పంచుకున్నట్టు పంచుకున్నాయి. తాను వేసిన తోట తనది కాకుండా పోయి, తిరిగొచ్చిన ఊరిలోనూ నేల దక్కని తరం అది. పూర్వీకులు నాటిన చెట్టు నీడను తలుచుకునే ఆ పాట ఆనంద గీతంగా వినిపించడమే దాని విషాదం.

ఆ అవ్వ పేరునే ఆల్బమ్ పేరుగా పెట్టుకుని 2024లో ‘వల్లియమ్మ మనవడిని’ అని అరివు ప్రకటించుకున్నాడు. ఈ శీర్షికను తేలిగ్గా తీసుకోకూడదు. మన దగ్గర పెద్ద విద్వాంసుడు తన పేరుకు ముందు గురువు పేరు, ఊరి పేరు, బాణీ పేరు చేర్చుకుంటాడు. ఫలానా వారి శిష్యపరంపర అని కచేరీ కరపత్రంలో అచ్చవుతుంది. తేయాకు కోసిన అవ్వను తన సంగీత పరంపరకు మూలపురుషునిగా, కాదు, మూలస్త్రీగా నిలబెట్టడం ద్వారా అరివు ఒక పనిచేశాడు: కూలి మనిషి నోటి పాటను ‘అజ్ఞాత జానపదం’ అనే ఖాతాలోంచి తీసి ఒక పేరున్న మనిషి ఖాతాలో రాశాడు. శైలి ఎంత మారినా పాటకు వంశవృక్షం ఉందని చెప్పాడు. ఆయన శైలిలో వచ్చిన మార్పుల కంటే, ఆ మార్పులను తనవిగా చెప్పుకునే ఈ ధైర్యమే కొందరికి మింగుడుపడలేదేమోనని అనిపిస్తుంది.

ఆదరణలోని మెలికలు

ఈ పాటలకు వచ్చిన స్పందనను మూడు సంఘటనల్లో చూడవచ్చు. మొదటిది, కాస్ట్‌లెస్ కలెక్టివ్ పాట ‘ఐ యామ్ సారీ అయ్యప్ప’. శబరిమలలో స్త్రీల ప్రవేశం మీద దేశమంతా వాదించుకుంటున్న రోజుల్లో వచ్చిన పాట అది. బృందంలోని గానా గాయని ఇసైవాణి దాన్ని పాడింది. గానాలో మగవారి ఏలుబడిని దాటి వచ్చిన ఆమెను 2020లో బీబీసీ ప్రపంచంలోని వందమంది మహిళల జాబితాలో చేర్చింది. కొన్నేళ్ల తరువాత, 2024 నవంబరులో, ఆ పాటనే తవ్వి తీసి ఆమె మీద పోలీసులకు ఫిర్యాదులు చేశారు, సామాజిక మాధ్యమాల్లో దాడికి దిగారు. పాట హక్కుల గురించినదని బృందం వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఇది పాటను పాటగా వినకుండా పాడిన మనిషిని విచారణకు పెట్టే పద్ధతి.

రెండోది దీనికి భిన్నంగా, మెప్పు రూపంలో వచ్చింది. 2021 ఆగస్టులో ‘రోలింగ్ స్టోన్ ఇండియా’ పత్రిక ముఖచిత్రం మీద ధీ, మరో రాపర్ షాన్ విన్సెంట్ డి పాల్ కనిపించారు. ఆ కథనం గొప్పగా చెప్పుకున్న పాటలతో విడదీయరాని సంబంధం ఉన్న అరివు ముఖచిత్రంలో లేడు. దళితుడి పేరు మరోసారి చెరిగిపోయిందని పా. రంజిత్ బహిరంగంగా నిరసించాడు. నిరసన పెరిగాక పత్రిక అరివుతో ప్రత్యేకంగా డిజిటల్ ముఖచిత్రం వేసింది. ఎవరూ పనిగట్టుకుని తొలగించి ఉండకపోవచ్చు. కులం పనిచేసే తీరే అది. అది ఉద్దేశం అడగదు, అలవాటుగా జరిగిపోతుంది.

మూడోది 2022 జూలై 28న చెన్నైలో జరిగిన చదరంగ ఒలింపియాడ్ ప్రారంభోత్సవం. ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి ముందు ‘ఎంజాయ్ ఎంజామి’ పాడారు. ధీతో పాటు జానపద గాయని కిడాక్కుళి మారియమ్మాళ్ పాడింది, అరివు లేడు. ఆ పాట తానే కూర్చి, రాసి, పాడానని, ఎవరూ తనకు ఒక్క బాణీ గానీ ఒక్క మాట గానీ ఇవ్వలేదని అరివు ప్రకటించాడు. పాట ముగ్గురూ కలిసి చేసినదని, ఆదాయమూ హక్కులూ సమానమేనని, అప్పుడు అరివు అమెరికాలో ఉన్నాడని సంతోష్ నారాయణన్ బదులిచ్చాడు. అరివు పాత్రను తానెన్నడూ తక్కువ చేయలేదని ధీ చెప్పింది. 2024లో సంతోష్ నారాయణనే, ఆ పాట మీద తమలో ఎవరికీ ప్రచురణ సంస్థ నుంచి డబ్బు ముట్టలేదని వెల్లడించాడు.

ముగ్గురిలో ఎవరి వాదన ఎంత నిజమో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. తేల్చవలసిన ప్రశ్న వేరే ఉంది. శోకం తీసే వరుసను ఒక మనిషి తన అవ్వ నోటి నుంచి తెచ్చి, మాటలు కట్టి, గొంతులో పలికించి సంగీత నిర్మాత ముందు పెడితే, అది ‘సంగీత రచన’ అవుతుందా, లేక సంగీత రచనకు ‘ముడిసరుకు’ మాత్రమేనా? మన రసజ్ఞ లోకం ఎన్నో ఏళ్లుగా రెండో సమాధానమే ఇస్తూ వచ్చింది. పొలంలో పండించినవాడు కూలీ, బజారులో అమ్మినవాడు యజమాని అనే లెక్క ఇక్కడా వర్తించింది. పాట స్టూడియోలోకి వెళ్లాక దానికి కర్త పుడతాడు. అంతకుముందు అది గాలిలో ఉన్నట్టే.

ముతక బట్టలు తొడిగిన విమర్శ

గాయకుడు రూపం మార్చుకుంటే అభిమానులు అలగడం ఒక్క మన దగ్గరే లేదు. 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో బాబ్ డిలన్ విద్యుత్ గిటారు పట్టుకున్నప్పుడు జరిగిన రభస ప్రపంచానికంతా తెలుసు. అంతకుముందే 1964 నవంబరులో ‘సింగ్ ఔట్’ పత్రిక సంపాదకుడు ఇర్విన్ సిల్బర్, నువ్వు ప్రజలకు దూరమవుతున్నావని అతనికి బహిరంగ లేఖ రాశాడు. 1966లో మాంచెస్టర్ సభలో ఒక శ్రోత అతన్ని క్రీస్తును అమ్ముకున్న యూదాతో పోల్చి కేకవేశాడు. అయినా చివరకు ఏమైంది? ఆ మార్పే అతని ప్రతిభకు నిదర్శనమని చరిత్ర రాసుకుంది. 2016లో నోబెల్ సాహిత్య బహుమతి వచ్చింది. డిలన్‌ను తిట్టినవారు కూడా అతన్ని కళాకారుడిగానే తిట్టారు.

అదే సంగీతానికి తల్లివేరైన నల్లజాతి గాయకులకు ఆ మర్యాద దక్కలేదు. జైలు నుంచి విడుదలైన లెడ్‌బెల్లీని 1930ల మధ్యలో జానపద సేకర్త జాన్ లోమాక్స్ తెల్ల శ్రోతల ముందుకు తెచ్చినప్పుడు, మంచి సూటు వేసుకోవాలని కోరుకునే ఆ గాయకుడిని ఖైదీగా, ముతక బట్టల పల్లెటూరివాడిగా చూపించారు. మిసిసిపీ పత్తి తోటల్లో పెరిగిన మడ్డీ వాటర్స్ 1943లో షికాగో చేరి, ఫ్యాక్టరీ నగరపు హోరులో వినబడటానికి విద్యుత్ గిటారు పట్టాడు. 1958లో ఇంగ్లండులో ఆ గిటారు మోగించగానే అక్కడి బ్లూస్ ప్రేమికులు కొందరు నొచ్చుకున్నారు. వారికి కావలసింది తోటకూలీ పాట. పాపం, ఆయన 1963లో మళ్లీ వెళ్లినప్పుడు వారి ముచ్చట తీర్చడానికి మామూలు గిటారు తీసుకెళ్లాడు. ఆలోగా అక్కడి తెల్ల యువకులు విద్యుత్ బ్లూస్ నేర్చుకుని బృందాలు కట్టుకుంటున్నారు. ఈసారి మీ విద్యుత్ గిటారు ఏదని అడిగారు! కాలాన్ని తానే ముందుకు నడిపిన మనిషిని ప్రతిసారీ కాలానికి వెనక నిలబెట్టారు.

అమెరికాలో ఈ విభజన మాటల్లో మాత్రమే లేదు, వ్యాపారంలోనూ ఉండేది. 1920ల నుంచి నల్లవారి రికార్డులను ‘రేస్ రికార్డ్స్’ పేరుతో విడిగా అమ్మారు. పేద తెల్లవారి అదే తరహా పాటలకు వేరే పేరు పెట్టారు. రాగం ఒకటే, తోలు రంగును బట్టి అరలు రెండు. మన దేశంలో అరలు ఇంకా ఎక్కువ. అంబేడ్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత సంగీతంలోనూ మెట్లు మెట్లుగా ఉంది: పైన శాస్త్రీయం, ఆ కింద లలితం, ఆ కింద సినిమా, అట్టడుగున జానపదం. ప్రతి మెట్టూ పై మెట్టుకు దండం పెడుతుంది, కింది మెట్టును ముడిసరుకుగా వాడుకుంటుంది. చివరకు వాద్యానికి కూడా ఈ నియమం తప్పలేదు. మృదంగం మోగేది ఆవు, గేదె, మేక తోళ్లతో. ఆ తోళ్లు పదును చేసి మృదంగం కట్టే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పుస్తకం తెస్తే, ఆవిష్కరణకు ఇచ్చిన సభామందిరాన్ని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. నాదం పూజనీయం, నాదం పుట్టించే చెయ్యి ప్రస్తావనకు కూడా తగదు.

మన ఇంటి సంగతి

తెలుగు నేల మీద ఈ కథ వేరుగా లేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య డక్కలి కులస్థుడు. మాదిగలకు ఆశ్రిత కులంగా బతుకుతూ వారి కథలు పాడిన కులం అది. ఆయన కంఠం 2021లో ఒక పెద్ద సినిమా పాటకు ఆరంభమైంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ పరిసరాల్లో కూలి పనికి వెళ్తున్న దృశ్యాన్ని పత్రికలన్నీ వేశాయి. అందరూ జాలిపడ్డారు. అయితే ఆ పన్నెండు మెట్ల స్వర నిర్మాణం ఏమిటి, పండుగ సాయన్న కథను ఆయన ఏ వరుసలో నడుపుతాడు, తాతల నాటి పద్ధతికీ ఆయన పద్ధతికీ తేడా ఏమిటి అన్న ప్రశ్నలతో వచ్చిన వ్యాసాలు ఎన్ని? కిన్నెర మీద జాలి రాశాం, కిన్నెర సంగీతం గురించి రాయలేదు.

2021లోనే ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగ దరియా’ పాట మీద వివాదం నడిచింది. పల్లెలో వినిపించే పాటను వెలికితెచ్చి పాడినవారికి చెందేది ఎంత, దాన్ని విస్తరించి రాసిన కవికి చెందేది ఎంత అన్న ప్రశ్న టీవీ చర్చల్లో వ్యక్తుల తగాదాగా మారి చల్లారిపోయింది. నిజానికి అది చట్టం ముందు పెట్టవలసిన ప్రశ్న. 1957 నాటి కాపీరైట్ చట్టం కర్త ఉన్న రచనకే రక్షణ ఇస్తుంది. తరతరాల సమూహం కూర్చిన పాటకు కర్త లేడు కనుక అది అందరిదీ. అందరిదీ కనుక ముందుగా స్టూడియోకి చేరినవాడిది. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాట మీద హక్కు నిర్మాతదేనని తేల్చాక, కవులూ సంగీత దర్శకులూ మూడు దశాబ్దాలు పోరాడి 2012 సవరణ సాధించుకున్నారు. రాయల్టీలో సమాన వాటాను రాసిన కవి, కూర్చిన సంగీతకారుడు ఎవరికీ ధారాదత్తం చేయనక్కర్లేని స్థితి వచ్చింది. మంచిదే. కానీ పాట మూలాన్ని ఇచ్చిన వాడకు, కులానికి, ఆడవాళ్ల నోటికి ఆ సవరణలోనూ చోటు లేదు. పొలం గట్టు మీద పుట్టిన పాటకు పట్టా లేదు.

ఇక మన మహాగాయకుల విషయంలో విమర్శ ఎలా నడిచింది? గద్దర్ గోచీ, గొంగడి, చేతికర్రతో వేదిక ఎక్కినంతకాలం ఆయన శరీరమే ఒక చిహ్నమైంది. బుర్రకథ, ఒగ్గుకథ, వీధిభాగోతం వంటి రూపాల నుంచి ఆయన ఏ పాళ్లలో ఏం తీసుకుని కొత్త ప్రదర్శన రూపం కట్టాడో చెప్పే లోతైన సంగీత పరిశీలన అరుదు. 1985 కారంచేడు, 1991 చుండూరు తరువాత దళిత ఉద్యమం పాటకు కొత్త వస్తువు ఇచ్చింది; ఆయన పాట కూడా మారింది. చివరి దశలో వేషం మార్చి అంబేడ్కర్ గురించి, రాజ్యాంగం గురించి పాడినప్పుడు చర్చ మళ్లీ వేషం దగ్గరే ఆగింది. 2023 ఆగస్టు 6న ఆయన మరణించాక ప్రభుత్వమే సినిమా పురస్కారాలకు ఆయన పేరు పెట్టింది. పేరు పెట్టడం తేలిక. పాటను చదవడం కష్టం.

గోరటి వెంకన్న ఉదాహరణ ఇంకా స్పష్టం. పాలమూరు పల్లె నుంచి భజన, యక్షగానం, తత్వాల వరుసలను వెంట తెచ్చుకున్న ఈ కవి ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటతో ప్రపంచీకరణ కాలపు గ్రామ విధ్వంసానికి గొంతునిచ్చాడు. ఆ తరువాత వాగులు, పిట్టలు, చెట్లు, తాత్విక చింతన వైపు ఆయన పాట విస్తరించింది. 2021 సంవత్సరానికి ‘వల్లంకి తాళం’ సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పాట కవిత్వమేనా అని దశాబ్దాలుగా సందేహించిన సాహిత్య లోకానికి అది ఒక జవాబు. అయినా ఆయన మార్పును ‘పోరాటం నుంచి ప్రకృతికి జారిపోయాడు’ అని ఒక్క వాక్యంలో కొట్టివేసినవారున్నారు. దళితుడికి కోపం మాత్రమే అనుమతించి, వెన్నెలనూ పిట్టనూ నిషేధించడం ఏ విముక్తి సిద్ధాంతం? ఊరి చెరువు నీళ్లు తాగనివ్వని సమాజం మీద, ఆ చెరువు అందాన్ని పాడటం కూడా హక్కు సాధనే. 2020లో ఆయన శాసనమండలి సభ్యత్వం స్వీకరించడాన్ని విమర్శించవచ్చు. అది రాజకీయ విమర్శ. దాన్నే పాట మీద తీర్పుగా చలామణీ చేయకూడదు.

మరి విమర్శ వద్దా?

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వస్తుంది. దళిత గాయకుడి శైలి మారితే విమర్శించే హక్కే లేదా? బజారు పాటను మింగేస్తున్నప్పుడు, వాడ శోకం పెళ్లి ఊరేగింపుల్లో డీజే మోతగా మారుతున్నప్పుడు, అంబేడ్కర్ పేరు కూడా యూట్యూబ్ లెక్కల సరుకవుతున్నప్పుడు నోరు మూసుకోవాలా? ఈ ప్రశ్న న్యాయమైనది. ‘ఎంజాయ్ ఎంజామి’ అనుభవమే దానికి సాక్ష్యం. భూమి లేనివారి కథను కోట్లమంది విన్నారు. విన్నవారిలో ఎక్కువమంది అందులో భూమిని వినలేదు. మెరిసే నిర్మాణం వేదనను మింగిందా, లేక వేదనను అది చేరలేని చోటికి చేర్చిందా అన్నది నిజమైన విమర్శ ప్రశ్న. ఇద్దరు నిజాయితీపరులైన శ్రోతలు దీని మీద భిన్నాభిప్రాయాలకు రావచ్చు. రావాలి కూడా.

అయితే ఆ ప్రశ్న వేయాలంటే ముందు పాట వినాలి. ఏ దరువు ఎందుకు మారింది, మారినందువల్ల మాటకు బలం వచ్చిందా పోయిందా, ఒప్పారి వరుసలోని సాగదీత రాప్ వేగంలో ఎలా ఇమిడింది, ఎక్కడ ఇమడలేదు అని చెప్పగలగాలి. చావు డప్పు వేరు, పెండ్లి డప్పు వేరు, జాతర డప్పు వేరు, చాటింపు డప్పు వేరు అని తెలియని విమర్శకుడు, డప్పు అంటే ఆగ్రహం అని రాసేసి ఊరుకుంటాడు. ఆ డప్పుకు సరసం తెలుసు, వెటకారం తెలుసు, భక్తి తెలుసు, లెక్క తెలుసు. దళిత కళను వస్తువు కోసం మాత్రమే చదివి శిల్పాన్ని ఇతరులకు వదిలేయడం, చేతులకు పని ఇచ్చి తలకు పని ఇవ్వని వర్ణధర్మం లాంటిదే. ఇందులో అగ్రవర్ణ విమర్శకులతో పాటు మన వామపక్ష, బహుజన విమర్శకులకూ బాధ్యత ఉంది. సభలో జనం సమకూడేదాకా పాడించి, ఉపన్యాసం మొదలవగానే గాయకుడిని పక్కకు తప్పించే అలవాటు మన ఉద్యమాలకూ ఉంది. సభ ముగిశాక వార్తలో వక్తల పేర్లు వరుసగా అచ్చవుతాయి. పాడినవారు ‘కళాకారుల బృందం’ అవుతారు.

మార్చుకోవలసిన పనులు కొన్ని కళ్ల ముందే ఉన్నాయి. పాట విడుదలైనప్పుడు రాసినవారి, కూర్చినవారి పేర్లతో పాటు వరుస ఎవరి నుంచి, ఏ ఊరి నుంచి వచ్చిందో వేయడం కష్టమేమీ కాదు. సమూహపు పాట మీద వచ్చే ఆదాయంలో ఆ సమూహానికి వాటా ఉండేలా చట్టాన్ని సవరించాలని అడగవచ్చు. విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు డప్పునూ కిన్నెరనూ జానపద శాఖకు అప్పగించి చేతులు దులుపుకోకుండా, స్వరశాస్త్రంగా, లయశాస్త్రంగా పాఠ్యాంశం చేయవచ్చు. వాటిని నేర్పడానికి పట్టా లేని విద్వాంసులను ఆచార్యులుగా కూర్చోబెట్టవచ్చు. విద్యార్థులు తమ వాడల్లో ఇంకా బతికి ఉన్న గొంతులను రికార్డు చేసేటప్పుడు, పాట పక్కన పాడినవారి పేరు, వారికి నేర్పినవారి పేరు తప్పక రాసుకోవచ్చు. సాహిత్య చరిత్రలో ‘అజ్ఞాత కవి’ అన్న మాట ఎక్కువసార్లు ఎవరికి తగిలిందో గమనిస్తే, ఆ అజ్ఞానం కవిది కాదని తెలుస్తుంది.

అరివు తరువాతి ఆల్బమ్ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. పరై లేకుండా ఉండవచ్చు, ప్రేమగీతాలే ఉండవచ్చు, బాగుండకపోవచ్చు కూడా. బాగాలేని ఆల్బమ్ తెచ్చే స్వేచ్ఛ, దాన్ని బాగాలేని ఆల్బమ్‌గానే విమర్శించే గౌరవం దళిత కళాకారుడికి దక్కిన రోజు సంగీతంలో సమానత్వం మొదలైందని అనుకోవచ్చు. అప్పటిదాకా, పాట పల్లె దాటి పట్నం చేరినప్పుడల్లా ‘మీ మట్టి ఏదీ’ అని అడిగే మర్యాదస్తులకు ఒక ఎదురుప్రశ్న వేస్తూనే ఉండాలి: తరతరాలుగా ఆ మట్టిలో ఒక్క సెంటు కూడా రాసివ్వని మీరు, దాని వాసన మాత్రం మేమే మోయాలని ఎందుకు కోరుతున్నారు?